అబద్ధాల సీసా

ఆ ప్రయోగశాలలో మనుషులకన్నా సీసాలే ఎక్కువ తిట్లు తిన్నాయి. జ్వరం తగ్గని రోగికి రెండు చేతుల నుంచీ విడివిడిగా రక్తం తీసి, రెండు సీసాల్లో పోసి పంపుతారు. వాటిని ఐదు రోజులు వెచ్చగా ఉంచి చూస్తారు. రక్తంలో సూక్ష్మజీవి ఉంటే పెరుగుతుంది, లేకపోతే లేదు. రెండు సీసాల్లోనూ పెరిగితే రోగం నిజం. ఒక్క సీసాలోనే పెరిగి, అదీ ప్రతి మనిషి చర్మం మీదా ఊరికే పడి ఉండే రకమే అయితే, అది రక్తంలోది కాదు. సూది గుచ్చేటప్పుడు చర్మం మీంచి లోపలికి జారింది. అలాంటిదాన్ని అక్కడివాళ్ళు 'అబద్ధాల సీసా' అనేవారు. రిజిస్టరులో దాని నంబరు పక్కన ఎర్ర సిరాతో ఒక 'అ' పడేది. ఆ పక్కనే డాక్టరమ్మ సంతకం. రోగికి మందు అక్కర్లేదని రిపోర్టు వెళ్ళిపోయేది.

ఆ పేరు పెట్టింది డాక్టరమ్మే. పేరు పెట్టడమే కాదు, ఆ సీసా అబద్ధమాడుతుందని లోకానికి రుజువు చేసిందీ ఆమే. అంటురోగాల డాక్టరుగా ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆమె చేసిన ఘనకార్యం ఒక్క ముక్కలో చెప్పమంటే ఎవరైనా దాన్నే చెబుతారు.

ఆ పని ఆమె సరదాకి మొదలుపెట్టలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వార్డులో ఒక బాలింత ఉండేది. రెండు రోజులు జ్వరం వచ్చింది, ఒక సీసాలో ఏదో పెరిగింది, పెద్ద డాక్టర్లు కంగారుపడి ఘాటైన మందు ఎక్కించారు. తొమ్మిదో రోజుకి మూత్రపిండాలు చేతులెత్తేశాయి. మనిషి పోయాక తీరిగ్గా చూస్తే ఆమె రక్తంలో ఏ సూక్ష్మజీవీ లేదు. జ్వరం పాలు గడ్డకట్టి వచ్చింది. రోగంతో పోలేదు, మందుతో పోయింది. చంటిబిడ్డని ఎత్తుకుని వార్డు గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మకి ముఖం చూపించలేక డాక్టరమ్మ ఆ రోజు వెనక మెట్ల మీంచి దిగి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిన మనిషి ఊరుకోలేదు. ఏడేళ్ళు పట్టుబట్టి రెండు వేల మూడు వందల పదహారు మంది రోగుల వివరాలు తిరగేసింది. ఒంటరి సీసా మాట నమ్మి మందు ఇచ్చిన చోట బాగుపడినవాళ్ళు లేరు, చెడినవాళ్ళు ఉన్నారు.

ఆ ఏడేళ్ళలోనే ఆమె ఇంకో పని చేసింది. సీసాల మీద పేర్లు తీసేయించింది. అంతకుముందు ఏ అధికారిగారి మామగారి సీసానో వస్తే నలుగురు మూగి నాలుగుసార్లు చూసేవారు. నా అన్నవాళ్ళు లేనివాడి సీసా అయితే నడుస్తూ నడుస్తూ ఒక చూపు పారేసేవారు. అది చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. పేరు, వయసు, ఉద్యోగం, పాత జబ్బులు అన్నీ ఫారం మీంచి కొట్టేయించి ఒక్క నంబరు మిగిల్చింది. "సీసాకి చుట్టాలుండకూడదు" అనేది. ఆ మాట అక్కడ అందరికీ నోటికొచ్చేసింది. సీనియర్ టెక్నీషియన్ ఒకావిడ ఉండేది, ఎంత చిన్న మచ్చనైనా పట్టేస్తుందని అందరూ ఆమెని 'భూతద్దం' అనేవారు. భూతద్దం ఒకసారి సెలవు అడగడానికి వచ్చి, "సీసాకి చుట్టాల్లేరు గానీ నాకున్నారు మేడమ్, మా చెల్లెలి పెళ్ళి" అని నవ్వించి మరీ సెలవు పట్టుకుపోయింది.

వ్యాసం అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత దాన్ని సులువు మాటల్లో గోడ పోస్టరుగా వేసి ప్రతి చిన్న క్లినిక్‌కీ పంపారు. 'ఒక్క సీసా అయితే భయం వద్దు, మందు వద్దు.' ఆ ఒక్క వాక్యం ఎంతమంది మూత్రపిండాలు కాపాడిందో చెప్పలేం. డాక్టరమ్మ మంచి పని చేసింది, ఇందులో రెండో మాట లేదు. ఈ కథలో ఏడుపు ఎక్కడుందంటే ఆ మంచి పనిలోనే ఉంది.

డాక్టరమ్మకి ఒక అక్క ఉండేది. ఎనిమిదేళ్ళు పెద్దది. తల్లి ఎప్పుడూ మంచం మీదే ఉండే ఇంట్లో ఆ ఎనిమిదేళ్ళ తేడాయే చెల్లెలికి తల్లి అయింది. అక్క జడ వేసిందంటే రెండు రోజులదాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు, కనుబొమలు మాత్రం పైకి లాగేసి చెల్లెలు రోజంతా ఆశ్చర్యపోతున్నట్టు కనబడేది. పరీక్షలప్పుడు ఎదురుగా కూర్చుని, తనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేది. చెల్లెలు గడగడా చెబితే ఒప్పు, నసిగితే తప్పు. అలా దిద్దుకుంటూ దిద్దుకుంటూ డాక్టరుని చేసింది. డాక్టరమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు అంటే ఆమెకి అక్క ఇల్లే.

బావ అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరయ్యాడు. జన్మంతా ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దిన మనిషి, ఇంట్లో మాత్రం ఊరుకుంటాడా? పాలవాడి చీటీ కూడా దిద్ది ఇచ్చేవాడు. మరదలంటే వల్లమాలిన అభిమానం. ఆ అభిమానాన్ని వెక్కిరింతగా తప్ప బయటపెట్టడం ఆయనకి చేతకాదు. "సీసాల డాక్టరుగారు వేంచేశారు, ఇంట్లో సీసాలన్నీ దాచెయ్" అని లోపలికి కేకేసేవాడు.

అక్కకి చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండెని దెబ్బతీసింది. యాభై ఏడో ఏట గుండెలో లోహపు కవాటం అమర్చారు. గది నిశ్శబ్దంగా ఉంటే అది టిక్కుటిక్కుమనడం పక్కవాళ్ళకి వినిపించేది. "మా ఇంట్లో గోడ గడియారం దండగ" అనేవాడు బావ. "మీ అక్కకి కోపమొచ్చిందో లేదో నేను ముఖం చూడక్కర్లేదు, చెవి పెడితే చాలు."

ఆ ఆపరేషన్ రోజుల్లో ఆస్పత్రివాళ్ళు డాక్టరమ్మ అక్కగారని తెలిసి ఆమెని వరుస తప్పించి ముందుకి పంపారు. డాక్టరమ్మ నానా గొడవ చేసింది. "నా పేరు చెప్పుకుని ఎక్కడా ముందుకెళ్ళకు అక్కా. నేను ఇన్నేళ్ళూ దేనికోసం కొట్లాడానో అదంతా మట్టికొట్టుకుపోతుంది." అక్క చిన్నబుచ్చుకుంది. కానీ మాట ఇచ్చింది. అక్క మాట ఇచ్చిందంటే ఇక దానికి తిరుగులేదు.

డాక్టరమ్మ రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలుందనగా, ఒక ఆదివారం పొద్దున అలవాటు ప్రకారం అక్కకి ఫోన్ చేసింది. వీడ్కోలు సభలో చదవాల్సిన ఉపన్యాసం ముందర పెట్టుకుని కూర్చుంది.

"ఒంట్లో ఎలా ఉంది?"

"కాస్త నలతగా ఉందే. పక్క వీధి క్లినిక్‌లో చూపించుకున్నా. రక్తం తీశారు, ఏమీ లేదన్నారు."

"ఏమీ లేదన్నారుగా, ఇంకేం. నీళ్ళు బాగా తాగు." ఆమె చేతిలో కలం ఉంది. ఉపన్యాసంలో ఒక వాక్యం నచ్చక కొట్టేస్తోంది.

"నువ్వు తిన్నావా?" అంది అక్క.

"తింటా."

నలత అనే మాటకి డాక్టర్ల పుస్తకాల్లో అర్థం లేదు. జ్వరం అని ఉంటే ఎన్ని రోజులుగా, చలి వేసిందా, చెమటలు పట్టాయా అని వరసపెట్టి పది ప్రశ్నలు వచ్చేవి. ఆ పది ప్రశ్నలకీ జడిసే అక్క నలత అంది. చెల్లెలి పని పాడవుతుందని కూడా అయి ఉంటుంది. డాక్టరమ్మకి ఆ రోజు అవేవీ తట్టలేదు. అక్క మాట ఒక చెవిన వేసుకుని, కలం ఆపకుండా ఫోన్ పెట్టేసింది. ఆ కలం ఆపనందుకు ఆమె ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు.

ఏడు వారాల తర్వాత ఒక రోజు పదకొండు గంటలకి బావ ఫోన్ చేశాడు. అక్క స్నానాల గది ముందు పడిపోయింది. డాక్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళేసరికి అక్కకి మాట పడిపోయింది, కుడి చెయ్యి కదలడం లేదు. గుండె డాక్టరు స్కాను తెర ఆమె వైపు తిప్పాడు. లోహపు కవాటం చుట్టూ సూక్ష్మజీవులు గూడు కట్టుకుని ఉన్నాయి. అందులోంచి ఒక ముక్క తెగి మెదడుకి చేరింది.

"ఇది ఇవాళ నిన్న మొదలైంది కాదు మేడమ్" అన్నాడు గుండె డాక్టరు. "రెండు నెలలైనా అయి ఉంటుంది. ఇంతకుముందు రక్తం చూడలేదా?"

"చూశారండీ" అన్నాడు బావ. చేతిసంచీలోంచి ఒక ఫైలు తీశాడు. కాగితాలన్నీ తేదీల వారీగా, మూలలు కలిపి, కుట్టి ఉన్నాయి. క్లినిక్ ఇచ్చిన చీటీ తీసి చేతికిచ్చాడు. దాని మీద పేరు లేదు. ఏడంకెల నంబరు ఉంది. ఆ నంబరు వేసే పద్ధతి లోకంలో ఒకే ఒక్క ప్రయోగశాలది. డాక్టరమ్మ ఆ అంకెలు రెండుసార్లు చదివింది. ఆ చీటీ మడిచి చేతిలో పెట్టుకుంది.

ఈసారి తీసిన రక్తం రెండు సీసాల్లోనూ ఒక్క రోజులోనే పెరిగింది. రెండింట్లోనూ ఒకటే రకం. ప్రతి మనిషి చర్మం మీదా ఊరికే పడి ఉండే రకం. నాలుగో రోజు మధ్యాహ్నం అక్క పోయింది. చివరి రెండు రోజులు ఆమె ఎవరినీ గుర్తుపట్టలేదు. చెల్లెల్ని కూడా.

వారం తర్వాత డాక్టరమ్మ ప్రయోగశాలకి వెళ్ళి నంబరు చెప్పి రిజిస్టరు అడిగింది. భూతద్దం పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించింది. ఒక్క సీసా. చర్మం రకం. ఎర్ర 'అ'. పక్కన సంతకం. ఏ మాత్రం వంకర లేని, తొందర లేని, తన సంతకమే.

"ఎవరిది మేడమ్ ఇది?"

"మా అక్కది."

భూతద్దం చాలాసేపు ఆ పేజీ మీంచి వేలు తీయలేదు. "ఆ 'అ' నేను పెట్టాను మేడమ్" అంది చివరికి.

"పెట్టాల్సిందే. నువ్వు తప్పు చెయ్యలేదు, నియమం అదే."

నియమం అదే. అయితే ఆ నియమం అందరికీ కాదు. గుండెలో లోహపు కవాటం ఉన్నవాళ్ళకి చర్మం మీది అమాయకపు సూక్ష్మజీవి కూడా యముడే. లోహాన్ని పట్టుకుంటే వదలదు. వాళ్ళ విషయంలో ఒంటరి సీసా నిజమే చెబుతూ ఉండొచ్చు. ఇది ఎవరో ఇప్పుడు కొత్తగా కనిపెట్టి చెప్పాల్సిన సంగతి కాదు. తన పరిశోధనలోంచి అలాంటివాళ్ళు పద్నాలుగు మందిని డాక్టరమ్మే తీసేసింది. తీసేశానని వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో తనే రాసింది. పోస్టరులో ఆ చిన్న అక్షరాలు లేవు. ఫారంలో ఆ గడి లేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి అక్కకి కవాటం పెట్టారు. ఒక పక్క అక్క కవాటం, ఒక పక్క ఆ పద్నాలుగు మంది. రెండు సంగతులూ పదకొండేళ్ళు ఆమె తలలో పక్కపక్కనే కాపరం ఉండి, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె పాత రిజిస్టర్లన్నీ నేల మీద పరుచుకుని కూర్చుంది. ఎర్ర 'అ'లు పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. అందులో లోహపు కవాటం వాళ్ళు ఎందరు? ఎందరు ఆ రిపోర్టు పట్టుకుని నిశ్చింతగా ఇంటికెళ్ళి రెండు నెలలకి గుమ్మంలో కూలిపోయారు? తెలుసుకునే దారి లేదు. పేర్లు లేవు, పాత జబ్బులు లేవు. సీసాకి చుట్టాలు లేకుండా చేసింది కదా. ఆమె రిజిస్టర్ల మధ్యలో కూర్చుని ఏడ్చింది. భూతద్దం తలుపు దగ్గరగా వేసి, బయట స్టూలు వేసుకుని, ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

మర్నాడు డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు రాసి వ్యాసంగా అచ్చు వేయిస్తానంది. డైరెక్టరు మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు. "రిటైరయ్యే ముందు మీకీ తలనొప్పి ఎందుకండీ? ఫారంలో ఒక గడి చేర్పిద్దాం. పోస్టరు మార్పిద్దాం. ఎందుకు మారిందని ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. అడగకపోతే పాత పోస్టరు కూడా ఎవరూ చింపరు" అంది డాక్టరమ్మ. "మనిషి పోయిందని తెలిస్తే చింపుతారు."

అచ్చు వేయించాలంటే ఒక పద్ధతి ఉంది. రోగి కథ రాయడానికి రోగి ఒప్పుకోవాలి. రోగి లేకపోతే దగ్గరి బంధువు అంతా చదివి, తెలుసుకుని, సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకుండా ఒక్క కాగితం కూడా బయటికి పోకుండా ఇరవై ఏళ్ళు కాపలా కాసింది డాక్టరమ్మే. ఇప్పుడు ఆ సంతకం బావ పెట్టాలి. బావకి ఇంకా ఏమీ తెలియదు. తప్పు క్లినిక్ వాళ్ళదే అనుకుంటున్నాడు. మూడు వారాలుగా ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ క్లినిక్ వాడికి రక్తం చూడ్డం కూడా రాదు మరదలా, బోర్డు మాత్రం ఇంత పెద్దది" అని తిడుతున్నాడు. మూడు వారాలుగా ఆమె నీళ్ళు నములుతూ వింటోంది. చెబితే ఆ ఇల్లు ఉంటుందో ఉండదో తెలియదు. చెప్పకపోతే గోడల మీద పోస్టర్లు ఉండిపోతాయి.

వ్యాసం రాసి ముగించిన రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్ళింది. బావ ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆరేసిన బట్టలు తెచ్చి కుర్చీ మీద కుప్పగా పోసి ఉన్నాయి, మడతలు పెట్టలేదు. సీసాలు దాచమని ఎవరికీ కేకేయలేదు. తనే లేచి టీ పెట్టి తెచ్చాడు. అందులో చక్కెర లేదు. ఆమె అలాగే తాగింది.

"ఏదో సంతకం అన్నావు" అన్నాడు.

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టింది. బావ కళ్ళజోడు మార్చుకుని ముందు ఫారం చూశాడు. చూస్తూనే జేబులోంచి కలం తీశాడు. "'బందువు' అని పడింది. ద కి ఒత్తు లేదు." దిద్దాడు. "ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారు దీన్ని?"

"ఇరవై ఏళ్ళు."

"ఇరవై ఏళ్ళు ఎవరూ చూడలేదా?"

తర్వాత వ్యాసం తీశాడు. రెండే పేజీలు. అలవాటుగా ప్రతి పదం కిందా కలం మొన కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. "అరవై ఎనిమిదేళ్ళ స్త్రీ" దగ్గర ఆగాడు. "ఈవిడెవరు?"

"అక్క."

"పేరు రాయవా?"

"రాయకూడదు బావా."

ఆయన తల ఊపి ముందుకెళ్ళాడు. ఒక వాక్యం దగ్గరికి వచ్చి మళ్ళీ ఆగాడు. పైకి చదివాడు. "'ఒక సీసాలో మాత్రమే పెరిగినందున, అది రోగం కాదని నిర్ధారించి, మందు అవసరం లేదని నివేదించడమైనది.'" ఇంకోసారి చదివాడు. "ఈ వాక్యంలో కర్త లేదు. నివేదించడమైనది అంటే? ఎవరు నివేదించారు?"

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె రాసిన వ్యాసాలన్నీ అలాగే ఉంటాయి. గమనించడమైనది, లెక్కించడమైనది, తొలగించడమైనది. చేసినవాళ్ళు ఎవరో ఉండరు. పనులు వాటంతటవే జరిగిపోతుంటాయి.

"నేను" అంది.

బావ తల ఎత్తాడు.

"ఆ సీసా మా దగ్గరికే వచ్చింది బావా. సంతకం నాది. క్లినిక్ వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు సరిగ్గానే తీసి పంపారు. అబద్ధాల సీసా అని నేనే అన్నాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండోసారి జ్వరమొచ్చినప్పుడు మళ్ళీ వెళ్దామన్నాను" అన్నాడు. "ఒక్క సీసాలోనే పెరిగిందని క్లినిక్ వాళ్ళు చెప్పారుగా, రానంది. ఆ క్లినిక్ గోడ మీద నీ పోస్టరు ఉందిగా. మొదటిసారి వరుసలో కూర్చున్నంతసేపూ పక్కనున్నవాళ్ళకి చదివి వినిపించింది. మా చెల్లెలు రాసిందని చెప్పలేదులే, నీకు మాట ఇచ్చిందిగా. ఇంటికొచ్చి నాతో చెప్పుకుని మురిసిపోయింది. 'ఒక్క సీసా అంటే భయం లేదని దాని లెక్క. మళ్ళీ మళ్ళీ వెళ్తే దాన్ని నేనే నమ్మనట్టు ఉంటుంది' అంది."

డాక్టరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. బావ ఊరడించలేదు. గొంతు పెంచకుండానే అడిగాడు.

"ఆ సీసా మీద మీ అక్క పేరుంటే ఏం చేసేదానివి?"

"అప్పుడే ఫోన్ చేసేదాన్ని. ఆ రోజే తెచ్చి ఆస్పత్రిలో పడుకోబెట్టేదాన్ని."

"వీధిలో పోయే ఎవరి పేరో ఉంటే?"

అబద్ధం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "'అ' పెట్టేదాన్ని."

"అంటే మీ అక్క ఒక్కతే కాదన్నమాట."

"కాదు బావా. ఎంతమందో తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు."

బావ చేతిలో కలం అటూ ఇటూ తిప్పాడు. "ఆ పోస్టరు ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. నీకు గుర్తుందో లేదో. మా ఆఫీసులోనే వేశారు. 'మందు వద్దు' అన్న మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. నక్షత్రం పెడితే కింద దాని వివరం ఉండాలి. కింద ఏమీ లేదు. నీకు ఫోన్ చేశాను. 'చోటు చాల్లేదు బావా, ఆ నక్షత్రం తీసెయ్యి' అన్నావు."

ఆమెకి గుర్తు లేదు. అప్పుడే, అక్కడే, ఒక్కసారిగా గుర్తొచ్చింది. బావ ఫోన్ చేసిన ఆ రోజు కూడా ఏదో రాసుకుంటూనే ఉంది.

"తీసేశాను" అన్నాడు బావ. "నక్షత్రం కింద ఏముండేదని నేను అడగలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ సర్వీసులో అడక్కుండా కొట్టేసింది ఏదీ లేదు. నువ్వు చెప్పావని కొట్టేశాను. ఏముండేది అక్కడ?"

"గుండెలో లోహపు కవాటం ఉన్నవాళ్ళకి ఈ నియమం వర్తించదు."

అది విన్నాక ఆయన పెదవులు కదిలాయి. ఆ వాక్యాన్ని లోపల ఒకసారి చదువుకున్నట్టున్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వ్యాసం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. కర్త లేని వాక్యంలో, 'నివేదించడమైనది' ముందు, ఒక హంసపాదు వేశాడు. కలం ఆమె చేతికిచ్చాడు. "ఇక్కడ రాయి."

ఆమె 'నేను' అని రాసింది. అక్షరాలు వంకర పోయాయి. "'నేను నివేదించడమైనది' కుదరదు, 'నివేదించాను' అని మార్చు" అన్నాడు. మార్చింది. అప్పుడు ఫారం తీసుకుని, బంధుత్వం దగ్గర 'భర్త' అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు. సిరా ఆరేదాకా ఆగి ఇచ్చాడు.

ఆమె కాగితాలు సంచీలో పెట్టుకుంది. టీ కప్పులు రెండూ తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. బావ కుర్చీలోంచి లేవలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వెళ్ళొస్తాను బావా" అంది.

"వెళ్ళు" అన్నాడు.

వెళ్ళిరా అంటాడేమోనని ఆమె గుమ్మంలో ఇంకాసేపు నిలబడింది. ఏ మాట ఎక్కడ ఉండాలో, ఏది తీసేస్తే ఏమవుతుందో ఆయనకన్నా తెలిసినవాళ్ళు లేరు. ఆయన కుర్చీ మీది బట్టల కుప్ప దగ్గరికి లాక్కుని, అక్క చీర ఒకటి తీసి, మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె మెట్లు దిగింది.